చేదుగడ్డకు సగం జవాబు

రాస్తున్నావా? రాయి. నేను చెప్పేదాన్ని చదివేవాళ్లకు తెలిసే భాషలో సర్దుకుంటానన్నావు, సర్దుకో. కానీ ఎవరు ఏమన్నారో అక్కడ మాత్రం చెయ్యి పెట్టకు. అన్నది అన్నట్టే ఉండాలి. ఎందుకో నీకు తెలుసు, ఆ రోజు గట్టు మీద నా పక్కనే ఉన్నావు. చదివేవాళ్లకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మాది సుక్మా జిల్లా గొల్లపల్లి. మా వాకిట్లో నిలబడితే ఒక పక్క ఇంట్లో దోర్లీ వినిపిస్తుంది, ఇంకో పక్క తెలుగు. ఊరి చివర ఇళ్లలో గోండి. సంతలో హిందీ. బస్సెక్కి జగదల్‌పూర్ వైపు వెళితే హల్బీ. మేం పొద్దున లేచినప్పటినుంచి ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దిగుతూ ఎక్కుతూనే ఉంటాం. దాంతో మాకో అలవాటు వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని ఏదైనా తేల్చేటప్పుడు, జవాబు చెప్పేవాడు నేరుగా జవాబు చెప్పడు. ముందు అవతలివాడి మాటను తన నోటితో తిరిగి చెబుతాడు. "నీ ఎద్దు నా చేనుల పడ్డదని నువ్వంటున్నవ్. ఇదేనా నీ మాట?" అని అడుగుతాడు. అవతలివాడు "ఇదే" అనాలి. అప్పుడే జవాబు. ఒకడు దోర్లీలో అన్నదాన్ని ఇంకొకడు తెలుగులో తిరిగి చెబితే, అర్థమైందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. నేను మా అమ్మను చూసి నేర్చుకున్నాను. వంటింట్లో కూడా మా అమ్మ అంతే. "ఉప్పు ఎక్కువైందంటవ్, ఇదేనా?" అని అడిగి, నేను ఊఁ అన్నాకే నామీద అరిచేది.

ఇప్పుడు గ్రూపు సంగతి. మీ అమ్మ, అంటే నా కోడలు, ఫోన్లో ఆడవాళ్ల గ్రూపు ఒకటి పెట్టింది. ఇప్పపువ్వు ఎప్పుడు ఏరుతున్నారు, ఏ సంతకు చింతపండు పోతోంది, ఎవరి దగ్గర సొర విత్తనాలున్నాయి, పిల్లకు దగ్గొస్తే ఏం చేయాలి, అన్నీ అందులోనే. మా ఊరివాళ్లున్నారు, పక్క ఊళ్లవాళ్లున్నారు, ఇక్కడినుంచి పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలున్నారు. చదువు రానివాళ్లం బొత్తాం నొక్కి నోటితో మాట పంపుతాం. చదువు వచ్చినవాళ్లు రాత పంపుతారు. నాకు గ్రూపు బాగా నచ్చింది. ఈ వయసులో పదిళ్లు తిరగాలంటే మోకాళ్లు ఒప్పుకోవు. అందులో కూర్చున్నచోటనే అందరి ఇళ్లకూ వెళ్లొచ్చినట్టుంటుంది.

అయితే నేను మాట్లాడటం మా అలవాటు ప్రకారమే. ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు ఆమె అడిగింది మొత్తం తిరిగి చెబుతాను. తర్వాత ఆమె తల్లిని అడుగుతాను, అత్తను అడుగుతాను, ఆమె ఆవు ఈనిందా అని అడుగుతాను. తర్వాత జవాబు. నాలాంటి ముసలివాళ్లందరం అంతే. ఒకామె మాటను నేను తిరిగి చెబితే, నేను చెప్పినదాన్ని మొత్తం ఎత్తుకుని ఇంకొకామె మళ్లీ తిరిగి చెప్పేది. దాని మీద మూడో ఆమె. వంటింట్లో గిన్నెలో గిన్నె పెట్టినట్టు, తీస్తూ పోతే అడుగున ఉన్న చిన్న గిన్నె అసలు మాట.

నా కోడలికి ఒళ్లు మండింది. మా ఊళ్లో సిగ్నల్ ఇంట్లో రాదు. కల్లం వెనక ఉన్న మట్టిగట్టు ఎక్కితేనే వస్తుంది, అదీ ఒక్కోసారి. అక్కడ ఎండలో నిలబడి నా మాటలన్నీ దించుకోవాలి పాపం.

"అత్తమ్మా, నీ మాట ఇనాలంటే పొయ్యి మీద అన్నం పెట్టి కూసోవాలె," అంది ఒకరోజు.

"ఉడికినంక దించుకో. నేనేమన్న వద్దన్ననా?"

"ఆమె అడిగింది గ్రూపుల ఉండనే ఉన్నది. మల్ల నువ్వెందుకు చెప్పుడు? దాని మీద ఏలు పెట్టి పక్కకు జరిపితె ఆమె మాట నీ మాట మీద అంటుకుంటది. అప్పుడు జవాబొక్కటి చెప్తె సాలు."

"ఏలు నాకు అటు జరిపితె ఇటు పోతది."

"అయితె పొట్టిగ చెప్పు. ఆవు, దూడ, మోకాళ్లు, ఇయన్ని ఎందుకు?"

"మోకాళ్లు నావి. నొప్పి నాది. నేను జెప్పకపోతె ఎవలు జెప్తరు?"

నువ్వు పక్కన నవ్వుతున్నావు. నవ్వు, నవ్వు.

చివరికి మీ అమ్మే ఒక ఉపాయం చేసింది. ముసలివాళ్లెవరైనా పొడుగ్గా మాట పంపితే, దాని కింద తాను రాతలో పొట్టిగా సారం రాసిపెట్టేది. నా గంగాళమంత మాట కింద ఆమెది ఒక చెంచాడు. "సంత బుధవారమే." "విత్తనాలు ఉన్నాయి." సిగ్నల్ తక్కువున్నవాళ్లు అది చదువుకుని వెళ్లిపోయేవారు. బాగానే ఉందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, కొంచెం ముఖం ముడుచుకుని.

ఇక ఆ చేదుగడ్డ రోజు.

మా చెల్లెలిది తోంగ్‌పాల్. సుక్మా నుంచి జగదల్‌పూర్ వెళ్లే పెద్ద రోడ్డు మీద ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఇంట్లోకే వస్తుంది, పలచగానైనా. ఆ ఏడే కొడుక్కి పెళ్లి చేసింది. పిల్లది ఇనుప గనుల దగ్గరి క్వార్టర్లలో పెరిగింది. వాళ్ల నాన్నవాళ్లు కోస్తా వైపునుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. చక్కటి పిల్ల. నన్ను 'పెద్దత్తమ్మా' అని, ప్రతి మాటకూ 'అండి' చేర్చి పిలుస్తుంది. వినడానికి పాయసం తాగినట్టుంటుంది. కానీ అడవి గడ్డలు ఆమెకు తెలియవు. వాళ్ల బజారులో కంద దొరుకుతుంది, చామదుంప దొరుకుతుంది, తొక్క తీసి వండుకోవడమే.

మా చెల్లెలు బంధువుల ఇంట్లో పెళ్లి మాటలకని ఊరెళ్లింది. ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్లింది. దారిలో పోతుందని భయమట. వెళ్లేముందు అడవిలోంచి తవ్వి తెచ్చిన చేదుగడ్డలు బుట్టలో పోసి మూలన పెట్టింది. ఆ గడ్డ మా పక్క ఆడవాళ్లందరికీ తెలుసు. తవ్వి తెచ్చిన రోజు తినేది కాదు. తొక్క తీయాలి, పల్చగా కోయాలి, గంపలో వేసి పారే వాగులో రాయి బరువు పెట్టి వదలాలి. చేదంతా పోయేదాకా అలాగే ఉండాలి. తర్వాత ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. ఇంట్లో పెద్దామె నాలుక చివర పెట్టి చూసి సరే అన్నాకే పిల్లలకు పెడతారు. అప్పుడది వెన్నలా ఉంటుంది. ఆ పని చేయకుండా తింటే గొంతు పట్టేస్తుంది, తల తిరుగుతుంది, కక్కుకుంటారు, ప్రాణం మీదికే వస్తుంది. ఆ ఇంట్లో మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, అప్పుడే జ్వరం నుంచి లేచి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

పొద్దున గట్టు మీద ఆ పిల్ల మాట వచ్చింది.

"పెద్దత్తమ్మా, అత్తయ్యగారు బుట్టలో గడ్డలు పెట్టి వెళ్లారండి. మామయ్యగారికి నోరు చేదుగా ఉందంటున్నారు. వీటితో ఇవాళ పులుసు పెడితే తినొచ్చాండి?"

నేను అక్కడే నిలబడి జవాబు చెప్పాను. మా అలవాటు ప్రకారమే. ఆమె అడిగింది తిరిగి చెప్పాను. మరిది జ్వరం అడిగాను. ఆ గడ్డ పెట్టి మా అమ్మ మమ్మల్ని ఎట్లా సాకిందో చెప్పాను. చెప్పి చెప్పి, "తినొచ్చు బిడ్డా, కాని ఇయ్యాల కాదు" అన్నాను. ఆ తర్వాత వాగు, గంప, రాయి, ఉడకబెట్టడం, అన్నీ చెప్పి, మీ అత్త వచ్చేదాకా ముట్టొద్దని ముగించాను.

నా కోడలు పక్కనే ఉంది. 'తినొచ్చు బిడ్డా' అనేదాకా చెవి పెట్టి వింది. ఇంతలో కల్లంలో వడ్లు కొట్టే మిషన్ ఆగిందని నా కొడుకు కేకేశాడు. ఆమె ధ్యాస అటు పోయింది, నా మాట వెళ్లగానే గబగబా దాని కింద ఒక్క ముక్క రాసి పరుగెత్తింది. నేనూ వెనకే కల్లానికి వెళ్లి మధ్యాహ్నం దాకా వడ్ల పనిలో పడ్డాను. ఆమె రాసిన ముక్క ఏమిటో నాకు తెలియదు. చదవడం నాకు రాదు కదా.

ఎండ వాలాక నువ్వూ నేనూ గట్టెక్కాం. నువ్వు గ్రూపులో వచ్చినవన్నీ చదివి వినిపిస్తున్నావు.

"నానమ్మా, నీ గడ్డ ముచ్చట కింద అమ్మ రాసింది చూడు. తినొచ్చు అని."

"అని?"

"అంతే."

"అంతే ఏంది? ఎనక ఏమున్నది?"

"ఏం లేదు. తినొచ్చు, చుక్క."

"కాని ఏది? కాని పెట్టలేదా మీ అమ్మ?"

"లేదు నానమ్మా. దాని కింద పిన్ని బొటనవేలు బొమ్మ పెట్టింది."

పిన్ని అంటే ఆ కొత్త కోడలే. బొటనవేలంటే సరే అని. పొద్దున అడిగింది, సరే అంది, ఇప్పుడు సాయంత్రం. పులుసు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మరిది ఆకు ముందు కూర్చుని ఉంటాడు. వెంటనే ఫోన్ చెయ్యమన్నాను.

నువ్వు ఫోన్ చేశావు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశావు. మోగి మోగి ఆగిపోయింది.

"ఇటియ్యి," అని ఫోన్ లాక్కున్నాను. ఆ బొత్తాం నొక్కి పట్టుకుని మాట్లాడాను. "తోంగ్‌పాల్ కోడలా, గడ్డ పులుసు పెడితె తినొచ్చా అని అడిగినవ్. తినొద్దు. వాగుల నానబెట్టని గడ్డ విషం. మీ మామకు పెట్టకు. ఎవలన్న దగ్గరున్నోళ్లు పొయ్యి ఆపుండ్రి." అదే మాట హిందీలో ఇంకోసారి చెప్పాను. అంతే. ఆవు లేదు, మోకాళ్లు లేవు.

"నానమ్మా, నువ్వింత పొట్టిగ ఎన్నడు మాట్లాడలే," అన్నావు నువ్వు, ఏడుపు గొంతుతో.

"ఇప్పుడు గుర్తుకొచ్చిందా నీకు! పో, మీ అమ్మను పిలువు."

మీ అమ్మ వడ్ల దుమ్ముతో, కొంగు తలకు చుట్టుకుని అలాగే వచ్చింది. విషయం విన్నది.

"అత్తమ్మా, చేదుగడ్డ వాగుల పెట్టాలని అందరికి తెల్సు గద. అది మల్ల రాసుడెందుకని..."

"నీకు తెల్సు, నాకు తెల్సు. ఆ పిల్లకు ఎట్ల తెల్సు?"

నేను కోపంగా అనలేదు. అప్పుడు నాకే అర్థమైంది. ఏదైనా కత్తిరించాల్సి వస్తే, మనకు బాగా తెలిసినదాన్నే ముందు కత్తిరిస్తాం. మా ఊరి ఆడవాళ్లకెవరికైనా రాసి ఉంటే ఆ ఒక్క ముక్క సరిపోయేది. వాగు లేకుండా ఆ గడ్డను మేం ఊహించుకోలేం కూడా.

ముగ్గురం గట్టు మీద నిలబడి ఆ ఫోన్ మొహమే చూస్తున్నాం. అంతలో మోగింది. ఆ పిల్ల కాదు. తోంగ్‌పాల్‌లో మా చెల్లెలి పక్కింటామె. హల్బీ మనిషి, గ్రూపులో ఆమే నన్ను 'దీదీ' అంటుంది. ఆయాసపడుతూ మాట్లాడింది.

"దీదీ, మై యహీ హూఁ, బహూకే ఘర్ మే. ఠీక్ హై, సబ్ ఠీక్ హై."

తను ఆ పిల్ల ఇంట్లోనే ఉందట, అందరూ బాగానే ఉన్నారట. నా మాట విని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తిందట. ఆ తర్వాత ఫోన్ ఆ పిల్లకిచ్చింది.

"పెద్దత్తమ్మా, ఏమైందండి? ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పెరట్లో బట్టలు ఉతుకుతున్నానండి. ఈవిడొచ్చి పొయ్యి మీద నీళ్లు పోసేశారు!"

"పోయనీ! పొయ్యి మీద ఏమున్నది?"

"పప్పండి."

"పప్పేనా? గడ్డ కాదా?"

"గడ్డలు బుట్టలోనే ఉన్నాయండి. ముట్టుకోలేదు."

నేను ఫోన్ గుండెకు పెట్టుకున్నాను. మీ అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటే దుమ్మూ కన్నీళ్లూ కలిసి బురదైంది. అది చూసి నువ్వు నవ్వావు. నీ నవ్వు చూసి మీ అమ్మ నవ్వింది. ఆ తర్వాత నాకు గుర్తొచ్చింది.

"మరి బొటనవేలు పెట్టినవ్ గద బిడ్డా?"

"అది మేకపిల్లకండి."

అసలు సంగతి ఇది. పొద్దున ఆ పిల్ల గడ్డ గురించి అడిగాక, నా మాట ఎక్కేలోపు, పక్కింటి హల్బీ ఆమె కూడా గ్రూపులో ఒకటి అడిగింది. ఆమె మేకపిల్ల చిక్కుడు తీగ తింటోంది, తినొచ్చా అని, బొమ్మతో సహా. దాని కింద నా మాట పడింది. దాని కింద మీ అమ్మ రాసిన 'తినొచ్చు'. నా మాట ఆ పిల్ల ఫోన్లో దిగలేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉందట. ఆమెకు కనిపించింది మేకపిల్లా, దాని కింద 'తినొచ్చు'. మేకపిల్ల బాగుందని బొటనవేలు పెట్టింది.

"అయితె నీకు జవాబే రాలేదనుకున్నవా?"

"అవునండి. అదీ కాక..." అని ఆగింది. చెప్పాలా వద్దా అని మొహమాటపడింది. "మీరు ఎప్పుడు జవాబిచ్చినా ముందు నేనడిగింది నాకు తిరిగి చెబుతారు కదండి. ఆ 'తినొచ్చు'లో నా మాట లేదు. గడ్డ లేదు, మామయ్యగారు లేరు. నాది కాదేమో అనుకుని ఆగానండి. మీరు చెప్పే దాకా చూద్దామని పప్పు పెట్టుకున్నాను."

ఫోన్ గట్టిగా వినిపించేట్టు పెట్టాం కాబట్టి మీ అమ్మా విన్నది. నేను ఆమె వైపు చూడలేదు. చూస్తే దెప్పినట్టుంటుంది. తనే అంది.

"సరే అత్తమ్మా. గెలిచినవ్."

"గెలుపేంది? నేను పొట్టిగ చెప్పుంటె నా మాట ఆ పిల్ల ఫోన్ల దిగేటిది. నా ఆవు, దూడనే అది గుండ్రంగ తిప్పినయ్."

ఆ మాట నేను నిజంగానే అన్నాను. రాసుకో. ఆ సాయంత్రం నేను ఎవరిని తప్పు పట్టినా పాపమే అనిపించింది. బుట్టలో గడ్డలు బుట్టలోనే ఉన్నాయి. మరిది పప్పన్నం తింటాడు. అంతకన్నా ఏం కావాలి నాకు?

మరుసటి రోజు అత్తాకోడళ్లం గట్టు మీద కూర్చుని ఒప్పందానికొచ్చాం. అడిగినామె మాట జవాబు పైన ఉండి తీరాలి. మొత్తం అక్కర్లేదు, ఏం అడిగిందో ఆ ఒక్క ముక్క. వేలితో జరపడం వచ్చినవాళ్లు జరపాలి, రానివాళ్లం నోటితో చెప్పాలి. ఒకరి మాటలో ఇంకొకరి మాట, దానిలో మరొకరిది, అట్లా గిన్నెలు పేర్చొద్దు. ఆవులు, దూడలు, మోకాళ్లు వేరే మాటగా పంపాలి, తీరికున్నవాళ్లు వింటారు. ఇక 'కాని' అన్న మాట ఉంటే, దాని వెనక ఉన్నదాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆఖరుది మీ అమ్మే చెప్పింది. చెప్పి, గ్రూపులో రాసి, తనే చదివి వినిపించింది.

"మోకాళ్లకు వేరే మాటనా?" అన్నాను.

"ఆ. రోజుకొకటి. అందరం ఇంటం."

"ఇంటరా నిజంగ?"

"నేనింట అత్తమ్మా. అన్నం పొయ్యి మీద పెట్టి."

చెల్లెలు ఊరినుంచి వచ్చాక ఆ గడ్డలు కోసి వాగులో పెట్టారు. తర్వాత ఒకరోజు గట్టెక్కితే ఆ కొత్త కోడలి మాట వచ్చి ఉంది. నువ్వే నొక్కి వినిపించావు. గుండ్రంగా తిరక్కుండా టక్కున దిగింది.

"పెద్దత్తమ్మా, మీరు చెప్పింది ఇదండి. తొక్క తీసి పల్చగా కోయాలి. పారే వాగులో గంపకు బరువు పెట్టి ఉంచాలి. చేదు పోయేదాకా తీయకూడదు. ఉడికించిన నీళ్లు పారబోయాలి. అత్తయ్యగారు రుచి చూసి సరే అన్నాకే మామయ్యగారికి పెట్టాలి. ఇదేనాండి మీ మాట?"

నేను బొత్తాం నొక్కాను. మోకాళ్లు నాలుక చివరిదాకా వచ్చాయి. వెనక్కి మింగేశాను.

"ఇదే, బిడ్డా," అన్నాను. "పెట్టు మీ మామకు."